జర్మనీలో ఉంటూ వరంగల్ టైంలో బతికిన అమ్మాయి: ఒక కేస్ స్టడీ

హనుమకొండలో నా దగ్గరికి కౌన్సెలింగుకు వచ్చేవాళ్లలో విదేశాలకు వెళ్లినవాళ్ల కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి. భర్త దుబాయిలో ఉన్న ఇల్లాళ్లు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు. వెళ్లినవాళ్లు తామే ఫోన్ చేసి సాయం అడగడం ఈమధ్యే ఎక్కువైంది. అలా వచ్చిన ఒక కేసు ఇది. ఇబ్బంది పడుతున్న అమ్మాయి జర్మనీలో ఉంది. ఆ ఇబ్బందిని తగ్గనివ్వని అలవాటులో సగం మాత్రం వరంగల్ దగ్గరి ఒక ఊళ్లో ఉంది. అందుకే ఇక్కడి నుంచి చేయగలిగిన పని కూడా చాలానే ఉండింది. ఆమె, ఆమె తల్లి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లు, వృత్తులు, గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నేపథ్యం

వయసు ముప్పై లోపు. బీఎస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇంట్లోనే మిషన్ మీద బ్లౌజులు కుట్టి ఇద్దరు పిల్లలను చదివించింది. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పెళ్లికి ముందు నుంచే జర్మనీలో ఒక మధ్యరకం నగరంలో ఉంటున్నాడు. అతనికి బ్లూ కార్డు ఉంది, అంటే పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకు అక్కడ ఇచ్చే నివాస అనుమతి. అది ఉన్నవాళ్ల భార్యలకు వీసా కోసం ముందుగా జర్మన్ పరీక్ష పాసవ్వాలన్న షరతు లేదు. అక్కడ పని చేసుకునే హక్కు కూడా ఉంటుంది. ఈ వెసులుబాటు మంచిదే. కాకపోతే దాని వల్లే ఈ అమ్మాయి ఒక్క జర్మన్ ముక్క రాకుండా సెప్టెంబరులో విమానం ఎక్కింది.

భర్త మంచివాడు. వచ్చిన రెండు వారాల్లోపు చేయించాల్సిన అడ్రసు రిజిస్ట్రేషన్, తన ప్రభుత్వ ఆరోగ్య బీమాలో భార్యను చేర్చడం, సిమ్, బ్యాంకు కార్డు అన్నీ అతనే చూసుకున్నాడు. సామాన్లు అతనే తెచ్చేవాడు, చెత్త అతనే పడేసేవాడు. "నువ్వేం టెన్షన్ పడకు, నేను చూస్కుంట" అనేవాడు. మొదటి రెండు నెలలు నది ఒడ్డున ఫొటోలు, వారాంతాల్లో ట్రైన్ ప్రయాణాలు. ఊళ్లోవాళ్లు వాట్సాప్ స్టేటస్ చూసి మురిసిపోయారు.

ఏ సమస్యతో వచ్చింది

జనవరిలో ఫోన్ చేసింది. నిద్ర పట్టడం లేదు, పట్టినా పొద్దున లేవబుద్ధి కావడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది, ఆకలి లేదు. అన్నిటికంటే ఆమెకు సిగ్గనిపించిన విషయం వేరే: కాలింగ్ బెల్ మోగితే చెమటలు పడుతున్నాయి, తలుపు తీయడం లేదు.

దాని వెనక కథ ఇది. నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇడ్లీకి మిక్సీ పట్టింది. మర్నాడు తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. భర్త ఆఫీసులో ఉన్నాడు, తనకు చదవడం రాదు. పోలీసు నోటీసేమో అనుకుని సాయంత్రం దాకా లైటు కూడా వేయకుండా కూర్చుంది. అతను వచ్చి చదివితే తేలిందేమిటంటే, ఆదివారం ఇలాంటి మెషీన్లు వాడొద్దని పక్కింటావిడ రాసింది. జర్మనీలో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా, ఆదివారాలైతే రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం షాపులు కూడా దాదాపు అన్నీ మూసి ఉంటాయి. ఆ వారంలోనే ఎండుమిర్చి పోపు పెడితే పొగ అలారం మోగింది. అప్పటి నుంచి భర్త ఇంట్లో లేనప్పుడు పొయ్యి వెలిగించడమే మానేసింది. బ్రెడ్డు, పెరుగన్నం. పార్సిల్ వాళ్లు బెల్ కొట్టి కొట్టి వెళ్లిపోయేవాళ్లు.

ముందుగా చూసుకున్నవి

"కొత్త దేశంలో సర్దుకోలేకపోతున్నా" అనే మాట వెనక కొన్నిసార్లు ఇంట్లో హింస ఉంటుంది. అలాంటి చోట సర్దుకోవడం నేర్పితే ఆమెకు మనం ద్రోహం చేసినట్టే. అందుకే మొదటి సెషన్ భర్త ఇంట్లో లేని వేళ పెట్టుకున్నాం. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, కార్డు నీ చేతిలో ఉందా, అడగకుండా పది యూరోలు ఖర్చు పెట్టగలవా, నీ ఫోను ఎవరైనా చూస్తారా, ఎప్పుడైనా చేయి చేసుకున్నాడా అని నేరుగా అడిగాను. భయపడాల్సింది ఏమీ లేదు. అయినా అక్కడ మహిళలపై హింసకు సంబంధించిన హెల్ప్‌లైన్ 116 016 అని రాసుకోమన్నాను. జర్మనీలో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది చెప్పడం నాకు అలవాటు.

డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో ఆమె స్కోరు మధ్యస్థం, అంటే 10 నుంచి 14 మధ్య. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా. "చచ్చిపోవాలని లేదు మేడం, ఇంటికి పోవాలని ఉంది" అంది. అక్కడ చికిత్స చేసే అధికారం నాకు లేదని, నేను చేసేది కౌన్సెలింగ్ మాత్రమేనని ముందే చెప్పాను. పరిస్థితి దిగజారితే అక్కడి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి అని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. రక్తం, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోమన్నాను. రక్తహీనత, విటమిన్ డి లోపం రెండూ తేలాయి. డాక్టరు రాసిన మందులతో నీరసం కొంత తగ్గింది. తలుపు భయం, ఏడుపు అలాగే ఉన్నాయి. ఈ పరీక్షలు చేయించకుండా మనసు గురించి ఎంత మాట్లాడినా కొంత శ్రమ వృథా అయ్యేది.

లక్షణాలు సర్దుబాటు రుగ్మతకు, అంటే జీవితంలో వచ్చిన ఒత్తిడిని తట్టుకోలేక కుంగిపోయే స్థితికి, దగ్గరగా ఉన్నాయి. చుట్టాలందరూ "ఆర్నెల్లయితే అదే అలవాటైతది" అని చెబుతున్నారట. మానసిక రుగ్మతలను గుర్తించడానికి వాడే అమెరికా మాన్యువల్ డీఎస్ఎమ్-5లోనూ ఆరు నెలలన్న మాట ఉంది, కానీ ఆ లెక్క ఒత్తిడి, దాని పర్యవసానాలు ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. విమానం దిగిన రోజు నుంచి కాదు. ఈమె విషయంలో ఒత్తిడి రోజూ కొత్తగా పుడుతోంది. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు, విదేశం వెళ్లినవాళ్ల మనఃస్థితి మొదట బాగుండి, మధ్యలో కుంగి, మళ్లీ లేస్తుందని రాశాడు. ఓదార్చడానికి ఈ మాట బాగా పనికొస్తుంది కానీ తర్వాతి పరిశోధనల్లో చాలామందికి అది సరిపోలేదు. దాన్ని నమ్మి ఊరికే ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు.

అసలు దారి చూపింది ఆమె రాసిచ్చిన దినచర్య. గంట గంటకూ ఏం చేస్తున్నావో ఒక వారం రాయమన్నాను. చలికాలంలో వాళ్ల టైం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. భర్త ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్తాడు, అప్పుడు ఇక్కడ పన్నెండున్నర. తల్లికి వీడియో కాల్ కలుపుతుంది. తల్లి రాత్రి తొమ్మిదిన్నరకు పడుకునేదాకా, అంటే అక్కడ సాయంత్రం ఐదింటిదాకా, ఫోన్ ఆన్‌లోనే. మాటలు ఎక్కువేం ఉండవు. తల్లి ఫోను మిషన్ పక్కన, కూతురు ఫోను వంటింటి గట్టు మీద. మధ్యమధ్యలో "తిన్నవా బిడ్డా", "గొంతేంది గట్లున్నది". డిసెంబరు, జనవరిలో అక్కడ పగలు దాదాపు ఎనిమిది గంటలే, డిసెంబరులో నాలుగు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. అంటే ఆమెకు వెలుతురున్న గంటలన్నీ ఇక్కడి మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి భోజనం చూస్తూ గడిచిపోతున్నాయి. ఫోన్ పెట్టేసరికి బయట చీకటి, షాపుకు వెళ్లే ఓపిక లేదు. ఆ వారమంతా ఆ నగరంలో ఆమె భర్త తప్ప ఇంకెవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

చేసినవి, ఫలించనివి

మొదట ఆలోచనల పట్టికతో మొదలుపెట్టాం. మనసులోకి వచ్చిన మాట రాయడం, దానికి ఆధారాలు ఏమిటో, ఎదురు ఆధారాలు ఏమిటో రాయడం. ఆందోళన ఉన్నవాళ్లతో ఇది తరచూ పనిచేస్తుంది. ఈమె రాసిన వాక్యాలు "ఇక్కడ నా అవసరం ఎవరికీ లేదు", "ఆయన లేకపోతే నేను ఒక్క పనీ చేయలేను". ఎదురు ఆధారాలు వెతికితే దొరకలేదు, ఎందుకంటే ఆ మాటలు అప్పటికి నిజాలే. నిజమైన వాక్యాన్ని తప్పని ఒప్పించే ప్రయత్నం మానేసి, దాన్ని అబద్ధం చేసే పనులు వెతకాలని అక్కడే తేల్చుకున్నాను.

ఫోన్ సంగతి ఎత్తగానే ఆమే ఉత్సాహపడి "రేపటి నుంచి గంట చాలు మేడం" అంది. మూడో రోజుకే అది బెడిసికొట్టింది. ఫోన్ రాకపోయేసరికి తల్లి అల్లుడి ఆఫీసుకు ఫోన్ చేసింది. "నా బిడ్డను మాట్లాడనిస్తలేవా" అని నిలదీసింది. అతను నొచ్చుకున్నాడు, ఇంట్లో గొడవ, మళ్లీ రోజంతా కాల్. ఫోన్ కాల్‌కు రెండు కొసలున్నాయి కదా. ఒక కొసతోనే మాట్లాడి దాన్ని తగ్గించడం కుదరదు.

మూడోది, తెలుగువాళ్లను కలవడం. దాదాపు అందరూ ఇచ్చే సలహా ఇదే. మార్చిలో పక్క నగరంలో ఉగాది వేడుకకు వెళ్లింది. పచ్చడి తిన్నది, ఫొటోలు దిగింది, ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. కలిసిన ప్రతి ఒక్కరూ "మీరేం చేస్తున్నారు?" అని అడిగారు. "ఇంట్లోనే" అని చెప్పిన ప్రతిసారీ తాను ఒకప్పుడు టీచర్నన్న సంగతి గుర్తొచ్చిందట. ఇలాంటి సంఘాలు చెడ్డవని కాదు. నెలకోసారి దొరికే ఆత్మీయత మంగళవారం పొద్దున పదింటికి సాయపడదు, ఆమె కష్టమంతా మంగళవారం పొద్దున పదింటిదే.

పనిచేసినవి

ఉగాదికి ముందే, ఫిబ్రవరిలో, తల్లిని హనుమకొండకు పిలిపించాను. కూతురి అనుమతితోనే. వచ్చీరాగానే "నా బిడ్డను తీసుకొచ్చుడా, ఆడనే ఉంచుడా, చెప్పుండ్రి మేడం" అంది. ఆమెకు హితబోధ చేసే ఉద్దేశం నాకు లేదు. నీ రోజు ఎట్లా గడుస్తోంది అని మాత్రమే అడిగాను. కుట్టాల్సిన బ్లౌజులు పేరుకుపోయాయి. ఫోను ముందు నుంచి లేస్తే బిడ్డ ఒంటరిదవుతుందని పొరుగింటికి కూడా పోవడం లేదు. రాత్రి నిద్ర రాదు. నెలల తరబడి ఇద్దరూ ఒకరికి ఒకరు కాపలా కాస్తున్నారు. ఒకరు నవ్వకపోతే రెండోవాళ్లకు భయం.

అందుకని కాల్ తగ్గించమని చెప్పకుండా, కాల్ వేళ మార్చమని అడిగాను. పగలంతా కాకుండా అక్కడ సాయంత్రం నాలుగుకు, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, పని ముగిశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడాలి. మధ్యలో గుబులైతే వాయిస్ మెసేజ్ పెట్టొచ్చు, జవాబు సాయంత్రమే. చీకటిపడే వేళనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆమెకు అన్నిటికంటే కష్టమైన గంట అది. పైగా వెలుతురున్న గంటలు ఖాళీ అవుతాయి. తల్లికి ఇంకొక పని ఇచ్చాను: "ఏం తిన్నవ్" అని కాకుండా "ఇయ్యాల ఎవరితోని మాట్లాడినవ్" అని మొదలుపెట్టాలి. "గదడిగితే ఏమొస్తది?" అని తల్లి నన్నే ఎదురడిగింది. మీ బిడ్డ అక్కడ ఒంటరిగా నిలబడగలదా లేదా అన్నది తిండి సంగతి అడిగితే తెలియదు, ఈ ప్రశ్నతో తెలుస్తుంది అన్నాను. ఒప్పుకుంది. ఆ తర్వాత ఈ ప్రశ్నను ఆమె ఎంత పట్టుదలగా అడిగిందంటే, తల్లికి చెప్పడానికైనా ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని కూతురు బయటికి వెళ్లడం మొదలైంది.

బయటికి వెళ్లి చేయాల్సిన పని మాత్రం ఉండాలి కదా. "రోజూ వాకింగ్ చేయి" అని చెబితే సరిపోదు. వాకింగుకు వెళ్లకపోతే ఎవరికీ నష్టం లేదు, అందుకే రెండో వారానికి మానేస్తారు. ఆమె చేయకపోతే ఇల్లు ఆగిపోయే పనులు కావాలి. భర్తతో ఒక సెషన్ పెట్టి చెత్త, ఖాళీ సీసాలు, కూరగాయలు ఈ మూడూ పూర్తిగా ఆమెకు వదిలేయమన్నాను. అతను వెంటనే ఒప్పుకోలేదు. "నేను చేస్తే ఐదు నిమిషాల పని మేడం, తను చేస్తే గంట" అన్నాడు. ఆ గంటే నాకు కావాల్సింది అన్నాను. ఆమె తప్పు చేస్తే సరిదిద్దకూడదు, అడిగితే తప్ప చెప్పకూడదు అని కూడా షరతు పెట్టాను. అతనికి ఇది నిజంగా కష్టమైంది. కొత్తగా వచ్చిన భార్యకు ఏ లోటూ రానివ్వకపోవడమే మంచి భర్త లక్షణమని నేర్చుకుని పెరిగినవాడు.

మొదటి పనిగా సీసాలు ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది. సూపర్‌మార్కెట్ మెషీన్లో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని క్యాషియరుకు ఇస్తే డబ్బులిస్తారు. మెషీన్ దగ్గర మాట్లాడే అవసరం లేదు, కౌంటరు దగ్గర ఒక్క మాట చాలు. భయపెట్టే పనులను తేలికైనదాని నుంచి కష్టమైనదాని దాకా మెట్లుగా పేర్చుకుంటే, అది అన్నిటికంటే కింది మెట్టు. తర్వాతిది చెత్త. కాగితానికి, ప్యాకింగ్ కవర్లకు, వంటింటి చెత్తకు, మిగతాదానికి వేర్వేరు డబ్బాలు, వేర్వేరు రోజులు. గాజు సీసాలు రంగు ప్రకారం వీధిలోని కంటైనర్లలో వేయాలి, అదీ ఆదివారం వేయకూడదు. లెక్కల టీచరు కదా, ఫ్రిజ్ మీద ఒక పట్టిక అంటించింది. పగిలిన నీళ్ల గ్లాసును సీసాల కంటైనర్లో వేయకూడదని, భర్త ఇన్నాళ్లూ తప్పు చేస్తున్నాడని కనిపెట్టింది. ఆ సెషన్లో ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఒక విషయం భర్తకంటే తనకు బాగా తెలియడం అదే మొదటిసారి.

అలారం విషయం తేలిగ్గానే తీరింది. భర్తతో కలిసి టెస్ట్ బటన్ నొక్కి చూడమన్నాను, తర్వాత ఒక్కదాన్నే నొక్కమన్నాను. వాళ్ల ఇంట్లోది బ్యాటరీ అలారం, అది మోగితే ఫైరింజన్ రాదు అని తెలిశాక సగం భయం పోయింది. పోపు పెట్టే ముందు కిటికీ బార్లా తెరవడం అలవాటైంది. చలికాలంలో గోడలకు బూజు పట్టకుండా రోజూ కాసేపు అలా తెరవమని అక్కడ ఇంటి యజమానులు ఎలాగూ చెబుతారు.

తలుపు మాత్రం నెమ్మదిగా తెరుచుకుంది. పార్సిల్ వస్తుందని ముందే తెలిసిన రోజున, వచ్చే టైం చూసుకుని, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడంతో మొదలుపెట్టాం. నేను ప్లాన్ చేయని మేలు ఒకటి జరిగింది. అక్కడ మనిషి ఇంట్లో లేకపోతే పార్సిల్ పక్కింట్లో ఇచ్చి వెళ్తారు. కాగితం అంటించిన ఆవిడ పార్సిల్ ఈమె చేతికొచ్చింది. సాయంత్రం ఆవిడ వచ్చి బెల్ కొట్టక తప్పలేదు, ఈమె తీయక తప్పలేదు. ఆవిడేమీ స్నేహితురాలు కాలేదు. మెట్ల మీద ఎదురైతే నమస్కారంలాంటి మాట ఒకటి ఇద్దరూ చెప్పుకుంటారు. మిక్సీ శనివారానికి మారింది. అంతకంటే అవసరం లేదనే నా అభిప్రాయం.

అన్నిటికంటే పెద్ద మార్పు ఏప్రిల్లో మొదలైన భాషా తరగతితో వచ్చింది. వలస వచ్చినవాళ్ల కోసం అక్కడ ప్రభుత్వం నడిపించే ఇంటిగ్రేషన్ కోర్సు సాధారణంగా 600 గంటల భాష, 100 గంటల సమాజ పరిచయం. లక్ష్యం బీ1, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడగలిగే స్థాయి. తరగతిలో సిరియా, ఉక్రెయిన్, టర్కీ వాళ్లున్నారు, అందరూ తప్పులు మాట్లాడేవాళ్లే. అయినా మొదటి వారంలోనే మానేస్తానంది. ఇరవై తొమ్మిది మంది పిల్లల ముందు నిలబడి ఆల్జీబ్రా చెప్పినదాన్ని, ఇప్పుడు "నా పేరు ఇది, నాకు యాపిల్ ఇష్టం" అని చదవాలా అని ఏడ్చింది. ఆ అవమానం చిన్నది కాదు. "భాష ఎవరికైనా కష్టమే" అని సర్దిచెబితే దాన్ని తీసిపారేసినట్టు అవుతుంది. అందుకే ఆమె పాత వృత్తినే తరగతిలోకి తీసుకురమ్మన్నాను: విద్యార్థిగా ఒక నోటుబుక్కు, టీచరుగా ఇంకొకటి. రెండోదాంట్లో, ఆ టీచరు తెలియని మాటను బొమ్మలతో, సైగలతో ఎలా చెబుతోంది, వెనకబడ్డవాళ్లను ఎలా లాక్కొస్తోంది అనేది రాయాలి. ఆ నోటుబుక్కు గురించి నాతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది. తరగతి మానలేదు.

ఇదే పని చేసే మిత్రులకు

మన జిల్లాల్లో ఇలాంటి ఫోన్లు ఇంకా పెరుగుతాయి కాబట్టి కొన్ని మాటలు. ఇంటి బెంగ అని చెప్పగానే ఆ పేరుతో ఫైలు తెరవకండి. రోజును గంటల వారీగా రాయించండి, రెండు దేశాల టైమూ పక్కపక్కనే వేయించండి. నా దగ్గర సగం ఆలోచన ఆ కాగితం మీదే తేలింది. రక్త పరీక్షలు, ఇంట్లో భద్రత ముందు. ఇక్కడున్న తల్లినో తండ్రినో ఎదురుగా కూర్చోబెట్టుకునే వీలు మనకుంది, అక్కడి కౌన్సెలరుకు లేదు. దాన్ని వాడుకోండి, వాళ్లను తప్పుపట్టడానికి మాత్రం కాదు. ఇక అతిగా సాయం చేసే భర్తను మెచ్చుకుంటూనే పక్కకు జరపాలి, ఇది అన్నిటికంటే నేర్పు కావాల్సిన పని.

ఇప్పటి పరిస్థితి

వేసవి నాటికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 5 కంటే తక్కువకు వచ్చింది, నిద్ర కుదురుకుంది. మార్చి చివర్లో అక్కడ గడియారం ముందుకు జరిగినప్పుడు కాల్ టైం ఏం చేయాలో తల్లీకూతుళ్లు నన్ను అడగకుండానే తేల్చుకున్నారు. అక్టోబరు చివర్లో మళ్లీ చీకటి మొదలయ్యాక కొంచెం కుంగింది. ఇది ముందే ఊహించి, పొద్దున పదకొండు లోపు అరగంట బయట ఉండటం, అవసరమైతే డాక్టరును కలవడం అని ఒక కాగితం రాసిపెట్టుకున్నాం. దాంతోనే నెట్టుకొచ్చింది. తల్లి పెళ్లిళ్ల సీజనుకు బ్లౌజుల ఆర్డర్లు మళ్లీ ఒప్పుకుంటోంది.

తేలనిది ఉద్యోగం. జర్మనీలో స్కూలు టీచరు వృత్తికి ప్రభుత్వ గుర్తింపు కావాలి. మన బీఈడీని అక్కడ నేరుగా ఒప్పుకోరు, భాష కూడా చాలా పై స్థాయిలో ఉండాలి. భర్త డేటా కోర్సు ఏదైనా చేయమంటున్నాడు, ఆమెకేమో పిల్లల మధ్యనే ఉండాలని ఉంది. ప్రస్తుతానికి ఒక పిల్లల కేంద్రంలో కొన్ని వారాల ప్రాక్టికల్ శిక్షణకు దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు తనే జర్మన్‌లో రాసింది, భర్తకు చూపించలేదు. జవాబు ఇంకా రాలేదు.